మేడ మీద కుక్కుందేటమ్మా?

విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వచ్చే 12 కిలోమీటర్ల దారిలో కొత్తగా లేచిన మేడలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కింద ఓనరు, పైన అద్దెకి రెండు పోర్షన్లు, పక్కనుంచి మెట్లు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బుతోనో, కొడుకు పంపిన డబ్బుతోనో కట్టినవి. నెల్లిమర్లలో వైద్య కళాశాల ఉంది, చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని ఇంకా కొత్త ఉద్యోగాలొచ్చాయి. దాంతో నర్సులు, లెక్చరర్లు, సైటు ఇంజినీర్లు ఊరు కాని ఊళ్లో గది తీసుకుని ఒంటరిగా ఉంటున్నారు. ఒంటరిగా ఉండేవాళ్లు తోడు కోరుకుంటారు. ఆ తోడు కొన్నిసార్లు నాలుగు కాళ్లతో మెట్లెక్కుతుంది.

అద్దె ఒప్పందంలో మాత్రం ‘పెంపుడు జంతువులను ఉంచరాదు’ అని రాసుంటుంది. చాలా ఇళ్లలో ఆ మాట ఓనరు ఆలోచించి రాయించింది కాదు. జిరాక్సు షాపులో కంప్యూటర్లో ముందే టైపు చేసిపెట్టిన నమూనాలో గోడకి మేకులు కొట్టరాదు, వేరొకరికి అద్దెకివ్వరాదు అనే వరసల మధ్య అదీ ఉంటుంది. పేర్లు మార్చి, స్టాంపు పేపరు మీద ప్రింటు తీసి, ఇద్దరూ సంతకాలు పెడతారు. ఆ వాక్యం ఎవరికీ గుర్తుండదు. పైనుంచి ఒకరోజు గోళ్ల చప్పుడు వినబడేదాకా.

రామతీర్థంలో నాకు తెలిసిన ఒక మేస్టారింట్లో అదే జరిగింది. పైపోర్షన్లో ఒక నర్సమ్మాయి ఉంటోంది. నెమ్మదస్తురాలు, అయిదో తారీకు దాటకుండా అద్దె ఇచ్చేది. మేస్టారికి ముందు బాత్రూం జాలీ దగ్గర వెంట్రుకలు కనబడ్డాయి. గోధుమరంగువి, పొట్టివి. తర్వాత తలుపు కింది అంచున రంగు లేచిపోయి సన్నటి గీతలు కనబడ్డాయి, గుమ్మానికి రెండంగుళాల ఎత్తులో, ఒకదాని పక్కన ఒకటి. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల డ్యూటీకి వెళ్లిపోయాక పైనుంచి సన్నగా మూలుగు వినబడింది. ఇంట్లో పెద్దావిడ మడి కట్టుకుని వంట చేస్తుంది. సంక్రాంతికి మనవరాలు వస్తుంది, ఆ పాపని ఒకసారి వీధి కుక్క కరిచింది, అప్పట్నుంచి కుక్కని చూస్తే వణికిపోతుంది. మేస్టారికి కోపం వచ్చిందంటే ఊరికే రాలేదు.

ఆయన దగ్గర డూప్లికేటు తాళంచెవి ఉంది. పైకెళ్లి చూసేస్తాననుకున్నారు. మేస్టారి భార్య అడ్డంపడింది. “ఆ పిల్లనే అడిగితే పోద్ది కదా. లేనప్పుడు తాళం తియ్యడమేటి, దొంగల్లాగ?”

నా మటుకు నాకు ఈ వ్యవహారం మొత్తంలో అంతకంటే విలువైన సలహా ఎక్కడా దొరకలేదు. లాయర్ల దగ్గరా దొరకలేదు, పుస్తకాల్లోనూ దొరకలేదు. అనుమానం వచ్చిన ఓనరు సాధారణంగా చేసే పనులు మూడు. సాక్ష్యం కోసం వెతకడం, పక్కింటివాళ్లతో చెప్పడం, లోపల్లోపల ఉడికిపోయి చివరికి ఒక్కసారిగా ‘రేపే ఖాళీ చెయ్’ అనడం. ఆ మనిషినే నేరుగా అడగడం ఆఖర్న గుర్తొస్తుంది, అప్పటికి ఇద్దరి మధ్యా మాట చెడిపోయి ఉంటుంది.

మేస్టారు మర్నాడు డ్యూటీనుంచి వచ్చిన పిల్లని మెట్ల దగ్గర ఆపి అడిగారు. “అమ్మా, ఒక మాట అడుగుతాను, ఏటనుకోకు. మేడ మీద కుక్కుందేటమ్మా?” ఆ పిల్ల కాసేపు నేలచూపు చూసి, “ఉంది మేస్టారూ. చెబుదామనే అనుకున్నాను. భయమేసింది” అంది. మెట్ల కింద ఈనిన వీధి కుక్కని రోడ్డు మీద ఏదో బండి కొట్టేసిందట. పిల్లల్లో ఒక్కటే బతికింది. వాన పడుతోందని ఆ రాత్రికి పైకి తీసుకెళ్లింది. ఆ తర్వాత కిందకి దింపబుద్ధి కాలేదు. డ్యూటీకి వెళ్లేటప్పుడు బాత్రూంలో పెట్టి గడియ పెట్టేది. తలుపు మీద గీతలు దానివే.

ఆమె చేసింది తప్పే. సంతకం పెట్టిన కాగితంలో కూడదని ఉన్నప్పుడు, జాలి కలిగిన రోజునే కిందకొచ్చి చెప్పాల్సింది. ఎనిమిది గంటలు బాత్రూంలో గడియ వేయించుకున్న ఆ కూనకీ అది సుఖం కాదు. దాచిపెట్టడంలో ముందుగా నష్టపోయేది ఆ జంతువే. అరవకూడదు, కిటికీ దగ్గరికి రాకూడదు, ఎండ మొహం చూడకూడదు. ప్రేమగా తెచ్చుకున్నవాళ్లే దాన్ని ఖైదు చేస్తారు.

ఇక చట్టం సంగతి. రామతీర్థంలాంటి గ్రామంలో ఇంటి అద్దెకి వర్తించేది ప్రధానంగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. పట్టణాల్లో అద్దె నియంత్రణ చట్టాల లెక్క వేరు. ఈ పాత చట్టంలో మన విషయానికి అచ్చంగా సరిపోయే సెక్షన్ ఒకటుంది, 114-ఎ. ఒప్పందంలోని షరతు తప్పాడని అద్దెదారుని ఖాళీ చేయించే దావా వెయ్యాలంటే, ఓనరు ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఏ షరతు ఎలా తప్పాడో అందులో స్పష్టంగా చెప్పాలి. సరిదిద్దుకోగలిగిన తప్పయితే సరిదిద్దుకోమని అడగాలి. అందుకు తగినంత సమయం ఇవ్వాలి. అప్పటికీ సరిదిద్దుకోకపోతేనే కోర్టు గుమ్మం తొక్కాలి. కుక్కని పెట్టుకోవడం సరిదిద్దుకోగలిగిన తప్పే. మేస్టారి భార్య చెప్పిన మాటకీ ఈ సెక్షన్‌కీ పెద్ద తేడా లేదు. అడుగు, చెప్పు, గడువియ్యి.

దానికంటే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటుంది. షరతు తప్పితే ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకునే హక్కు ఓనరుకి ఉంటుందని ఒప్పందంలో విడిగా రాసి ఉండాలని అదే చట్టంలోని 111(జి) చెబుతుంది. ‘ఉంచరాదు’ అని రాసి, ఉంచితే ఏమవుతుందో రాయని కాగితాలు బోలెడు. సెక్షన్ 112 మరీ ముఖ్యం. షరతు తప్పిన సంగతి తెలిసి కూడా ఆ తర్వాతి నెలల అద్దె తీసుకుంటే, ఓనరు ఆ తప్పుని వదిలేసుకున్నట్టే లెక్క. పై ఇంట్లో కుక్క ఉందని దీపావళికి తెలిసినవాళ్లు ఉగాదిదాకా అద్దె పుచ్చుకుని అప్పుడు గొడవకి దిగితే, ‘ఇన్నాళ్లూ తెలిసే ఊరుకున్నారు కదా’ అంటుంది అవతలి పక్షం. ఆ మాటలో బలం ఉంది.

తాళంచెవి సంగతికొస్తే, అద్దె కడుతూ షరతులు పాటిస్తున్నవాడు అడ్డంకి లేకుండా ఇంటిని అనుభవించే హక్కు సెక్షన్ 108 ఇచ్చింది. తగిన వేళల్లో ఓనరొచ్చి ఇల్లు ఎలా ఉందో చూసుకునే హక్కూ అందులోనే ఉంది. చూసుకోవడమంటే చెప్పి రావడం. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో 24 గంటల ముందు తెలియజేయాలని రాశారు. రేపు సాయంత్రం ఆరింటికి కుళాయి చూడ్డానికి వస్తానని ఒక వాట్సాప్ మెసేజీ పెడితే చాలు. కోపంలో నీళ్ల మోటారు ఆపెయ్యడం, కరెంటు ఫ్యూజు పీకెయ్యడం, తలుపుకి ఇంకో తాళం వెయ్యడం మాత్రం ఓనరుకే చుట్టుకుంటాయి. చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి వెళ్లగొడితే, ఆరు నెలల్లోగా దావా వేసి ఇల్లు తిరిగి పొందే దారి 1963 నాటి నిర్దిష్ట పరిహారాల చట్టంలోని ఆరో సెక్షన్‌లో ఉంది. అంతదాకా తెచ్చుకున్న ఓనరు, కుక్క విషయంలో తనవైపున్న న్యాయాన్ని కూడా పోగొట్టుకుంటాడు.

ఇంతకీ ‘పెంపుడు జంతువు’ అని రాసిన వాక్యం దేన్ని వద్దంటోంది? ఈ ప్రశ్న మన ఊళ్లలో అడగాల్సినంతగా ఎవరూ అడగరు. అద్దెకున్నామె పెరట్లో రెండు నాటుకోళ్లు పెంచితే ఓనరుకి అభ్యంతరం ఉండదు, గుడ్లు ఆయనకీ వెళతాయి. చేపల తొట్టి పెట్టుకుంటే ముచ్చటపడతాడు. పంజరంలో రామచిలుకని పెడితే ఇంటికి శుభమంటాడు. నిజానికి వీటన్నిట్లో చట్టం కచ్చితంగా కూడదన్నది ఆ రామచిలుకనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన ఊరి చిలకని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచుకోవడం నేరం. కుక్క విషయంలో కాగితం తీసి చూపించే ఓనరు, తన వరండాలోనే పంజరం వేలాడుతుంటే ముందు దాని గురించి అటవీ శాఖవాళ్లని సంప్రదించాలి.

వీధి కుక్క సంగతి ఇంకోటి. మన దగ్గర సగం అనుమానాలు ఇక్కడే పుడతాయి. అద్దెకున్నవాళ్లు రాత్రి మిగిలిన అన్నం పెడతారు. అది అలవాటుపడి మెట్ల మీద పడుకుంటుంది. పాలబ్బాయిని చూసి మొరుగుతుంది. పక్కింటివాళ్లు ‘మీ అద్దెవాళ్ల కుక్క’ అంటారు. అన్నం పెట్టడం వేరు, పెంచుకోవడం వేరు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు వీధి కుక్కలకి తిండి పెట్టడాన్ని తప్పనలేదు, పిల్లలు ఆడుకునేచోట, మెట్ల దగ్గర, గుమ్మాల దగ్గర కాకుండా దానికంటూ ఒక చోటు, వేళ పెట్టుకోమన్నాయి. మెట్ల మీద గిన్నె కనబడగానే ఒప్పందం తప్పారని తేల్చెయ్యకూడదు. ఆ గిన్నెని వీధి చివరికి మార్చమని చెబితే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

అపార్టుమెంట్ల విషయంలో కథ కొంచెం మారుతుంది. విశాఖలోనో హైదరాబాదులోనో ఫ్లాట్ తీసుకున్నవాళ్లకి ఓనరు ఒప్పుకున్నా సంఘంవాళ్లు ఒప్పుకోరు. 2015 ఫిబ్రవరి 26న భారత జంతు సంక్షేమ మండలి దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. సర్వసభ్య సమావేశంలో ఎంతమంది చేతులెత్తినా నివాసుల సంఘం పెంపుడు జంతువుల్ని నిషేధించలేదు, లిఫ్టు ఎక్కకూడదనలేదు, మొరుగుతోందన్న ఒక్క కారణంతో పంపించెయ్యమనలేదు. 2021లో కేరళ హైకోర్టు, పీపుల్ ఫర్ ఏనిమల్స్ అనే సంస్థ వేసిన కేసులో అలాంటి బైలాస్ చెల్లవని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు సంఘాల బైలాస్ దగ్గరే ఆగకుండా, సంపూర్ణ నిషేధం పెట్టే ఒప్పందాల్ని కూడా ప్రస్తావించింది. కేరళ తీర్పు మన రాష్ట్రంలో కోర్టుల్ని కట్టిపడెయ్యదు. అయినా అద్దెదారు తరఫు లాయరు దాన్ని తప్పకుండా తిరగేస్తాడు. అంచేత ‘కాగితం మీద ఉంది కాబట్టి నాదే గెలుపు’ అనుకునే ఓనరు కొంచెం నెమ్మదించడం మంచిది. నా అభిప్రాయం అడిగితే, వందలమంది ఉండే సంఘం ఒక ఇంటి లోపలి సంగతిలో వేలు పెట్టడం వేరు, తన నెత్తిమీదే ఉండే పోర్షన్లో కుక్క వద్దని మడి కట్టుకునే పెద్దావిడ కోరుకోవడం వేరు. రెండోదాన్ని నేను గౌరవిస్తాను.

రామతీర్థంలో ఈ మాట రాస్తూ భారతాన్ని తలుచుకోకుండా ఉండలేను. ఊరి కొండల్లో ఒకదాని పేరే దుర్గాభైరవకొండ. భైరవుడి వాహనం కుక్క. మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది కూడా కుక్కే. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కలున్నవాళ్లకి స్వర్గంలో చోటులేదన్నాడు. ధర్మరాజు ఆ నియమాన్ని తప్పుబట్టలేదు, కుక్కని ఉత్తరీయం కింద దాచి రథమెక్కనూ లేదు. ఇది నాతో వచ్చింది, దీన్ని వదిలి నేను రానని గుమ్మం ముందు నిలబడి చెప్పాడు. స్వర్గాన్నే వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. కుక్కని ప్రేమించే అద్దెదారుడికి ఇంతకు మించిన పాఠం లేదు. గది చూడ్డానికి వెళ్లినరోజునే, అడ్వాన్సు ఇవ్వకముందే చెప్పాలి. పది ఇళ్లవాళ్లు కాదంటారు. పదకొండో ఇంట్లో ఒకరు, మా అబ్బాయికీ కుక్కలంటే ప్రాణం, రా అమ్మా అంటారు.

ఓనర్ల భయాల్ని తీసిపారెయ్యడానికి లేదు. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఒక అపార్టుమెంటుకి భోజనం తెచ్చిన డెలివరీ కుర్రాడు పెంపుడు కుక్క వెంటపడితే మూడో అంతస్తునుంచి కింద పడి, ఆస్పత్రిలో చనిపోయాడు. జంతువు వల్ల మనుషులకి హాని జరగకుండా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలలదాకా జైలు, అయిదు వేలదాకా జరిమానా ఉన్నాయి. ఇది కుక్కని పెంచుకునేవాళ్ల మీద పడే బాధ్యత. రేబిస్ మాట చెప్పనే అక్కర్లేదు, లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టడం దాదాపు లేదు. కుక్క పళ్లు దిగినా, గీరినా వెంటనే పావుగంటసేపు సబ్బుతో, పారే నీళ్లలో కడిగి, ఆస్పత్రికి పరుగెత్తాలి. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటిరోజు, తర్వాత 3, 7, 28 రోజులకి వేస్తారు. మధ్యలో మానెయ్యకూడదు. పెంపుడు కుక్కకి మూడో నెలలో మొదటి టీకా, ఆ తర్వాత ఏటా మరచిపోకుండా వేయించాలి.

భయం ఉన్నంతమాత్రాన కొన్ని పనులు ఎవరూ చెయ్యకూడదు. అన్నంలో మందు కలిపి పెట్టడం న్యాయ సంహిత 325 కింద అయిదేళ్లదాకా జైలు పడే నేరం. ఇంకో పని అద్దెదారులే చేస్తారు. ఓనరు గడువిచ్చాడని, ఒక రాత్రి బండి మీద ఎక్కించుకెళ్లి ఊరి బయట వదిలేసి వస్తారు. ఇంట్లో గిన్నెలో తిన్న కుక్క వీధిలో ఎలా బతకాలో తెలీక, వీధి కుక్కల నోట చిక్కి చచ్చిపోతుంది. ఆకలిదప్పులకి గురయ్యేలా జంతువుని వదిలెయ్యడం 1960 నాటి జంతు హింసా నిరోధక చట్టంలో నేరమే. మొదటిసారికి జరిమానా ఎంతంటే పది రూపాయల నుంచి యాభై. ఆ అంకె అరవై ఏళ్లు దాటినా మారకపోవడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది.

మేస్టారు ఏం చేశారో చెప్పాలి. ఆయన ఒప్పుకోలేదు. కుక్కపిల్ల ఉండడానికి వీల్లేదని నెమ్మదిగా, ఖచ్చితంగా చెప్పారు. సంక్రాంతికి మనవరాలు వచ్చేలోపు చూసుకోమన్నారు. అదే మాట కాగితం మీద రాసి తేదీ వేసి ఒక ప్రతి ఇచ్చి, రెండో ప్రతి మీద ఆ పిల్ల సంతకం తీసుకున్నారు. అక్కడితో ఊరుకోకుండా, తమ చుట్టాల్లో ఒకాయనకి మామిడితోట ఉందని, కాపలాకి కుక్క కావాలంటున్నాడని కబురు పెట్టారు. గడువు తీరకముందే కుక్కపిల్ల తోటకి చేరింది. ఆ నర్సమ్మాయి సెలవురోజున వెళ్లి చూసొస్తుంది. పై పోర్షన్లోనే ఉంటోంది, తలుపుకి రంగు తన డబ్బుతో వేయించింది. ఆ కూనని ఉండనిచ్చి ఉంటే బాగుండేదని నాకుంది. ఇల్లు మాత్రం ఆయనది, భయపడే పిల్ల ఆయన మనవరాలు. కాదనడానికీ ఒక పద్ధతుంటుందని ఆయన చేసి చూపించారు.

కొత్తగా ఒప్పందం రాసుకునేవాళ్లు నమూనా కాగితంలోని ఆ ఒక్క వాక్యాన్ని కొట్టేసి, మీకు ఏం కావాలో మీ మాటల్లో రాయించుకోండి. కుక్క అస్సలు వద్దనుకుంటే కుక్క, పిల్లి అని పేరుపెట్టి రాయండి, తప్పితే ఎన్ని రోజుల గడువిస్తారో కూడా రాయండి. పెట్టుకోనిస్తానంటే ఎన్ని, మెట్ల మీద గొలుసుతోనే తేవాలా, డాబా మీదకి రానిస్తారా, తలుపులు పాడైతే ఎవరు బాగుచేయించాలి అన్నవి తేల్చుకోండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు పెట్ రెంట్, పెట్ డిపాజిట్ అని వేరుగా కట్టి దర్జాగా కుక్కని పెంచుకుంటున్నారు. అన్నీ కాగితం మీదే ఉండడంతో ఎవరికీ ఎవరిమీదా అనుమానం లేదు. ఇంగ్లండులో 2025లో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం ప్రకారం, పెంపుడు జంతువు కోసం అద్దెదారు రాతపూర్వకంగా అడిగితే ఓనరు 28 రోజుల్లో జవాబివ్వాలి, కాదంటే తగిన కారణం చెప్పాలి. మన దగ్గర అలాంటి చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఆ పద్ధతిని ఏ ఇంటి ఓనరైనా ఇవాళే పెట్టుకోవచ్చు.

ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి పట్టుకునే డబ్బుకి మాత్రం లెక్క చూపించాలి. తలుపు రంగుకి పెయింటరిచ్చిన రసీదు, మెష్ మార్చిన ఖర్చు సరే. ‘కుక్క ఉంది కదా’ అని రెండు నెలల అద్దె గుండుగుత్తగా మినహాయించుకోవడం కుదరదు. ఇంట్లో దిగినరోజునే తలుపులు, గోడలు, బాత్రూం ఫొటోలు తీసి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకుంటే ఈ వాదన రాదు. కుక్కతో దిగేవాళ్లు ఇంకొక్కటి చెయ్యండి. ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకి సోకే రోగాల గురించి జరిపే జూనోసిస్ దినం సందర్భంగా ప్రభుత్వ పశువుల ఆస్పత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. వేయించి, ఆ కార్డు జిరాక్సు ఒకటి ఓనరుకివ్వండి.